రెండు గళ్ల కాగితం

నేను అరకు లోయకి బదిలీ మీద వచ్చినప్పుడు నా సామాన్లలో అన్నిటికన్నా బరువైంది నా కోపమే. విజయనగరం పక్కన ఫ్యాను కింద కూర్చుని పుస్తకాలకి నంబర్లు వేసుకునేవాణ్ణి తీసుకొచ్చి, కొండమీద రెండు గదుల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పడేశారు. ఒక గది నిండా విత్తనాల సంచులు. రెండో గదిలో సగం విత్తనాల సంచులు, మిగతా సగం లైబ్రరీ. అవి తొంభైల తొలినాళ్లు. ఎలకలు గింజల కోసమని వచ్చి, పనిలో పనిగా పుస్తకాలు కూడా రుచి చూసి పోయేవి.

ఆ రోజుల్లో మా శాస్త్రవేత్తలకి ఏదైనా వ్యాసం కావాలంటే నేనొక కార్డు రాసేవాణ్ణి. జర్నల్ పేరు, వాల్యూమ్ నంబరు, పేజీ. ఆ కార్డు కొండ దిగి మైదానంలో ఉన్న మా పెద్ద లైబ్రరీకి చేరాలి. వాళ్లు ఆ పేజీలు జిరాక్స్ తీసి పోస్టులో పంపాలి. నెలా పదిహేను రోజులు పట్టేది. ఒకసారి ఒక వ్యాసంలో బేసి పేజీలు మాత్రమే వచ్చాయి. సరి పేజీలు పంపండి మహాప్రభో అని రాస్తే, ఇంకో నెలా పదిహేను రోజులకి మళ్లీ బేసి పేజీలే వచ్చాయి, ఈసారి ఇంకాస్త నల్లగా. అడిగిన శాస్త్రవేత్త ఆ రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. నాకు అలాంటివాటికి నవ్వు రాదు.

రెండువేలు దాటాక మా డాబా మీద ఒక డిష్ పెట్టి, కింద ఒక కంప్యూటర్ పెట్టి, ఇంటర్నెట్ వచ్చిందన్నారు. డిష్ ఆకాశంలోకి చూస్తుంది. ఆకాశంలో ఏదో ఉపగ్రహం దాన్ని చూస్తుంది. మధ్యలోకి అరకు మబ్బు వచ్చిందంటే ఇద్దరికీ మాటలుండవు. ఇక్కడ మబ్బు లేని పూట ఎంత అరుదో ఈ లోయలో ఒక వానాకాలం గడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు. పైగా ఆ ఒక్క లైనునీ జీతాల గుమాస్తా, ఆఫీసరుగారు, వాన లెక్కలు పంపే ఆయన, నేను, నలుగురం పంచుకోవాలి.

పెద్ద లైబ్రరీ వాళ్లు అందులో ఒక సూచిక పెట్టారు. దాంట్లో వ్యాసాల పేర్లు వెతుక్కోవచ్చు. ప్రతి పేరు పక్కనా ఒక చిన్న ఆకుపచ్చ బటన్. దాన్ని నొక్కితే పూర్తి వ్యాసం వస్తుందన్నారు. నేను నమ్మలేదు. బేసి పేజీల మనుషులు కదా వీళ్లు!

మొదటిసారి నొక్కిన రోజు నాకు బాగా గుర్తుంది. మబ్బు లేదు. జీతాల గుమాస్తా సెలవు. నొక్కాను. వ్యాసం ఎక్కడో సముద్రాల అవతలి కంప్యూటర్లోంచి లేచి, ఆకాశానికెక్కి, మా డాబా మీద దిగి, నా ఎదుట తెరమీదకి వచ్చింది. సరి పేజీలు, బేసి పేజీలు, అన్నీ ఉన్నాయి. నాకు తెలీకుండానే లేచి నిలబడ్డాను. ఎవరి కోసం నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. తలుపు దగ్గరున్నవాళ్లు నాకు నడుం పట్టేసిందనుకున్నారు.

ఆ బటన్ల వ్యవహారం చూసే ఆవిడ ఒకరు పెద్ద లైబ్రరీలో ఉండేవారు. నాకన్నా పదేళ్లు చిన్న, ఓపికలో మాత్రం నాకు అమ్మమ్మ. ఒకరోజు ఫోన్ చేసి, ఆ బటన్ లోపల ఏముందమ్మా అని అడిగాను. "లోపల ఏమీ ఉండదు మేస్టారూ," అంది. "వ్యాసం ఎక్కడుందో బటన్‌కి తెలీదు. మీరు నొక్కాకే కనుక్కుంటుంది."

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. నొక్కగానే బటన్ ఆ వ్యాసం ఆనవాళ్లు పట్టుకుంటుంది. ఏ జర్నలు, ఏ వాల్యూము, ఏ పేజీ. అవి పట్టుకుని మా లైబ్రరీ పట్టికలోకి వెళ్లి, ఈ జర్నల్ మనకుందా, ఉంటే ఎవరి దగ్గరుంది అని చూస్తుంది. ఉంటే ఆ ఆనవాళ్లన్నీ ఒకచోట చేర్చి అప్పటికప్పుడు ఒక చిరునామా తయారుచేసి, దాని మీదుగా మనల్ని పంపిస్తుంది. అంటే ముందుగా వేసిన దారి అంటూ ఏదీ లేదు. మనం అడిగాక పుడుతుంది, మనం చేరగానే పోతుంది. పట్టికలో ఒక గడి తప్పయితే చేరం. ఆనవాళ్లలో ఒక అంకె తప్పయితే చేరం.

"ఇన్ని తప్పులకి చోటుంటే అసలు ఎలా చేరుతున్నామమ్మా?" అన్నాను.

"చాలాసార్లు చేరుతున్నాం మేస్టారూ. రోజూ ఈ పనే చేస్తున్నా, నాకూ అదే ఆశ్చర్యం," అంది.

ఫోన్ పెట్టేసి బయటికొచ్చి డాబా మీది డిష్ వైపు చూశాను. ఇంతకాలం దాన్ని పెద్ద మూకుడు అని వెక్కిరించేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను.

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్పాలి. ఆ లింకులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి పెద్ద లైబ్రరీ ప్రతి నెలా అన్ని కేంద్రాలకీ ఒక జాబితా పంపేది. ఏ కేంద్రం వాడే జర్నళ్లు ఆ కేంద్రానికి. ఒక్కో లింకు నొక్కి చూసి, పక్కనున్న రెండు గళ్లలో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఒక గడి మీద 'పనిచేస్తుంది' అని, రెండో గడి మీద 'పనిచేయదు' అని ఉండేది. గళ్లున్న కాగితం చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. స్కేలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

మా లైను నెమ్మదితనం వల్ల నాకొక పద్ధతి ఏర్పడింది. లింకు నొక్కి, లేచి వెళ్లి, మా తోటలోని కాఫీ గింజల పొడితోనే ఒక గ్లాసు కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చి చూసేవాణ్ణి. అప్పటికి తెరమీద ఏదో ఒకటి ఉండేది. కొన్నిసార్లు వ్యాసం. చాలాసార్లు 'దొరకలేదు' అన్న మాట. దొరకలేదంటే పనిచేయదు. టిక్కు. అన్ని కేంద్రాల్లోకీ ముందు నా కాగితమే కొండ దిగేది. ఒక నెల ఆవిడ ఫోన్ చేసి, మీ అంత శ్రద్ధగా ఎవరూ నింపరు మేస్టారూ అంది. ఆ మాట మా ఆవిడకి ఆ వారంలో రెండుసార్లు చెప్పాను.

మా కేంద్రంలో ఫీల్డ్ అసిస్టెంటుగా ఒకమ్మాయి ఉండేది. అమ్మాయంటే ముప్పై దాటింది. పెదబయలు అవతల కొండమీద ఊరు. ఆ ఊళ్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి తనే. పగలంతా మడుల్లో తిరిగి, సాయంత్రం చేతుల మట్టి కడుక్కుని లైబ్రరీలో కూర్చునేది. ఉద్యోగం చేస్తూనే సామల మీద పీహెచ్‌డీ రాస్తోంది. తక్కువ మాట్లాడేది. పుస్తకం తీసినచోటే పెట్టేది. లైబ్రేరియన్‌కి మనుషుల మీద గౌరవం కలగడానికి అంతకన్నా పెద్ద కారణాలు అక్కర్లేదు.

ఒక సాయంత్రం ఆమె పుస్తకం తెరవకుండా కూర్చుంది. ఏమిటమ్మా అని అడిగితే చాలాసేపటికి చెప్పింది. ఆమె థీసిస్‌లో నాలుగో అధ్యాయం వాళ్ల ఊళ్లో పండే ఒక సామ రకం గురించి. పొట్టు నల్లగా ఉంటుంది. పాత గింజ అడుగంటి, కొత్త గింజ ఇంకా పాలమీదున్న రోజుల్లో, అన్నిటికన్నా ముందు చేతికొచ్చే పంట అది. ఆ రోజుల్లో పిల్లల కడుపులు నింపేది అదే. ఆమె అధ్యాయం చదివి, కింద ఊళ్లో ఉండే గైడుగారు అడ్డంగా గీత పెట్టాడు. ఆ రకం ఈ కొండల పైభాగాన లేదని అన్ని పుస్తకాల్లోనూ ఉంది, మీ ఊరి గింజ ఈ మధ్య ఏ విత్తనాల పంపిణీలోనో కిందనుంచి ఎక్కి ఉంటుంది, అన్నాడు. మా అమ్మమ్మ నాటిదండీ అని ఈమె అంటే, "అమ్మమ్మని రిఫరెన్సుగా వెయ్యలేం కదమ్మా," అన్నాడట. ఆయన చెడ్డవాడేం కాదు. పద్ధతి ప్రకారం మాట్లాడే మనిషి. అన్ని పుస్తకాలూ ఈ మాటకి ఒకే ఒక పాత వ్యాసాన్ని చూపిస్తున్నాయి కాబట్టి, ఆ మూల వ్యాసం చదివి దానికి జవాబు రాయమన్నాడు. నెలాఖరులోగా రాయలేకపోతే నాలుగో అధ్యాయం తీసెయ్యమన్నాడు.

"మొదటి మూడు అధ్యాయాలూ పుస్తకాలు సదివి రాసినాను సార్," అంది. "నాలుగోది మా యమ్మ సెప్తే రాసినాను. దాన్నే తీసీమంతన్నారు."

"మరి ఆ మూల వ్యాసం తియ్యకపోయావా?"

"రెండు వారాలై ఎతుకుతున్నాను సార్. మన దగ్గర నేదంతంది. కంప్యూటర్ నేదంతే నేదే కద."

నేను వెళ్లి సూచికలో వెతికి చూశాను. నిజమే. ఆ వ్యాసం పక్కన ఆకుపచ్చ బటనే లేదు. ఈ జర్నల్ మన లైబ్రరీలో లేదని ఒక చిన్న వాక్యం ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇదే జర్నల్‌లోంచి అంతకుముందు ఏడాది నేనే రెండు వ్యాసాలు తీసిచ్చాను. మర్నాడు పొద్దున్నే పెద్ద లైబ్రరీ ఆవిడకి ఫోన్ చేశాను.

ఆవిడ చూసి చెప్పింది. "ఆ జర్నల్‌కి చందా ఉంది మేస్టారూ. కానీ పట్టికలోంచి తీసేశాం. వరసగా రెండు నెలలు పనిచేయదని నివేదిక వస్తే తీసేస్తాం కదా."

"ఎవడమ్మా ఆ నివేదిక రాసిన తెలివైనవాడు?"

కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"మీరేనండీ," అంది.

ఇలాంటి పాత వ్యవసాయ జర్నళ్లు మా కేంద్రం తప్ప ఎవరూ తెరవరట. అందుకని వాటి విషయంలో నా మాటే ఆఖరి మాట. నేను లేదంటే రాష్ట్రం మొత్తానికీ లేనట్టే. ఎలా పరీక్ష చేస్తారు మేస్టారూ అని ఆవిడ మెల్లగా అడిగింది. నా పద్ధతి చెప్పాను. కాఫీ సంగతి కూడా చెప్పాను, దాస్తే ఏం లాభం? అప్పుడు చెప్పింది ఆవిడ. లింకు మనల్ని పంపేటప్పుడు చేతిలో ఒక చీటీ పెట్టి పంపుతుందట, వీళ్లు మా చందాదారులే, రానివ్వండి అని. ఆ చీటీ చెల్లేది కొద్ది నిమిషాలే. కింద ఊళ్లలో అది క్షణంలో అవతలికి చేరుతుంది. మా మబ్బుల్లో, నలుగురు పంచుకునే లైనులో, ఆ చీటీ చేరేసరికే చెల్లకుండా పోతోంది. లింకులు నిక్షేపంగా పనిచేస్తున్నాయి. చేరలేకపోతున్నది మేము.

"ఇంతకీ నా వల్ల ఎన్ని పోయాయమ్మా?"

"పద్నాలుగు జర్నళ్లండీ."

కంచే చేను మేసిందని మా నాన్న ఎవరినో అంటుంటే చిన్నప్పుడు వినేవాణ్ణి. ఆ కంచె ఎలా ఉంటుందో ఆ రోజు అద్దంలో చూసుకున్నాను. లైబ్రరీ ఉద్యోగంలో ఇరవయ్యేళ్లు. పుస్తకం చింపినవాణ్ణి, పేజీ మడతపెట్టినవాణ్ణి అందరినీ తిట్టాను. పద్నాలుగు జర్నళ్లని స్కేలు పెట్టి, టిక్కు పెట్టి మాయం చేసింది నేను.

పట్టికలో మళ్లీ ఎక్కించాలంటే వచ్చే నెల మొదట్లో గానీ కుదరదంది ఆవిడ. ఆ అమ్మాయికి గడువు ఈ నెలాఖరు. ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి.

తప్పు ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె సాయంత్రం రావడం, నేను ఏదో పనున్నట్టు విత్తనాల గదిలోకి తప్పుకోవడం. మూడో రోజు ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ఆమె తలొంచుకుని వింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"అయితే ఇన్నాలూ అది ఉన్నదేనా సార్?"

"ఉంది."

"మనం కాపీ తాగొచ్చీసరికి తలుపేసీసినారన్నమాట," అని చిన్నగా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మరైతే బేగి ఎల్దుమా సార్? కాపీ తాగకండా?" అంది.

అంతే. ఆ మాటతో నా సిగ్గు పోలేదు గానీ కాళ్లలోకి సత్తువ వచ్చింది.

ఉపాయం పెద్ద లైబ్రరీ ఆవిడే చెప్పింది. బటన్ లేకపోతే ఏం, బటన్ చేసే పని మనమే చేద్దాం, అంది. చిరునామా ముక్కలు తను చెప్తుంది, నేను కంప్యూటర్లో కొట్టాలి. లైను ఖాళీగా ఉండే సమయం కావాలి కాబట్టి తెల్లవారుజామున అయిదున్నరకి అనుకున్నాం. ఆవిడ వాళ్లింట్లోంచి ఫోన్ చేసింది. ఈ అమ్మాయి అరకులో వాళ్ల చుట్టాలింట్లో పడుకుని, పొగమంచులో నడిచొచ్చి, నాకన్నా ముందే గేటు దగ్గరుంది. మబ్బు డాబా మీద కాకుండా లోయ అడుగున పడుకుని ఉంది. అది మా అదృష్టం.

ఆవిడ చెప్తోంది. ఇక్కడ చుక్క. ఇక్కడ గీత. ఇక్కడ ప్రశ్న గుర్తు. ఇక్కడ జర్నల్ నంబరు పెట్టండి. ఇక్కడ వాల్యూము. ఇక్కడ పేజీ. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒంటి వేలితో నేను కొడుతున్నాను. కొడుతున్నకొద్దీ నాకు ఒళ్లు గగుర్పొడిచింది. తొంభైల్లో నేను పోస్టు కార్డు మీద రాసిన మాటలే ఇవి. జర్నలు, వాల్యూము, పేజీ. అప్పుడు నెలా పదిహేను రోజులు పట్టిన ఆ మూడు ముక్కలే ఇప్పుడు నా వేలి చివరి నుంచి భూమి అవతలకి వెళ్లబోతున్నాయి. ఆఖరి మీట నొక్కాను.

వ్యాసం వచ్చింది. గొర్రెల గిట్టల జబ్బు గురించి.

"చిరునామా సరిగ్గానే ఉంది మేస్టారూ," అంది ఆవిడ ఫోన్‌లో. "ఆనవాలే తప్పు. పేజీ నంబరు ఇంకోసారి చూడండి."

బీరువా తీసి ఆ వ్యాసాన్ని చూపించిన పుస్తకాలు మూడు తెచ్చాను. మూడింటిలోనూ అదే పేజీ నంబరుంది. నేను కొట్టిందీ అదే. ఏం చెయ్యాలో తోచక మూడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఆ అమ్మాయి వాటికేసి చూసి, తర్వాత తెరమీది గొర్రెలకేసి చూసింది.

"ఇంతమంది ఒకే తప్పు రాసినారు. మరైతే ఎవులూ వ్యాసం తెరిసి సూడనేదు సార్," అంది.

నాకు ఒక్క క్షణం పట్టింది. నిజమే! ఎవరో మొదట అంకె తప్పు రాశారు. రెండోవాడు మొదటివాణ్ణి చూసి రాశాడు, మూడోవాడు రెండోవాణ్ణి చూసి రాశాడు. ఇంతమంది పెద్దలు ఈ వ్యాసం చెప్పిందని చెప్పుకుంటున్న మాట కోసం ఒక్కరూ ఆ పేజీ దాకా వెళ్లలేదు. తెర మీద గొర్రెల ఫోటోలున్నాయి. గొర్రెదాటు అనే మాట ఆ పూట నేను పైకి అనలేదు, అది సమయం కాదు.

ఆ మర్నాడూ ఆ తర్వాతి రోజూ మబ్బు. డిష్ గుడ్డిదై కూర్చుంది. ఆమె రెండు రోజులూ అయిదున్నరకే వచ్చింది, తలుపు దగ్గర నిలబడి ఆకాశం చూసి, మడుల పనికి వెళ్లిపోయింది. మూడో రోజు తెరిపిచ్చింది. ఈసారి ఏకంగా ఆ వాల్యూమ్ విషయసూచికే తెప్పించాం. ఆమె వేలితో ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి వెళ్లింది. చెరుకు. పశువులు. బావులు. చెరుకు. ఆమె వేలు ఆగింది. అదే వ్యాసం. పేజీ నంబరులో చివరి రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి, అంతే తేడా. ఆ రెండంకెల వెనక ఆ వ్యాసం ఏళ్ల తరబడి ఎవరికీ కనపడకుండా ఉండిపోయింది.

నంబరు మార్చి కొట్టాను. నొక్కాను. చాప చుట్ట విప్పుతున్నట్టు పేజీ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా రావడం మొదలైంది. పాత అచ్చు. పసుపు తిరిగిన కాగితం. పై మూల ఏ దేశపు లైబ్రరీదో గుండ్రటి ముద్ర. పేజీ అంచున ఒక నల్లటి నీడ కనిపిస్తే మరక అనుకున్నాను. దగ్గరగా చూస్తే అది మనిషి వేలు. ఎక్కడో ఎవరో ఈ పాత పుస్తకాన్ని యంత్రం మీద బోర్లించి, పేజీ కదలకుండా వేలితో అదిమిపట్టి, ఫోటో తీశారు. ఎవరు చదువుతారో తెలీదు, ఎప్పటికైనా చదువుతారో లేదో తెలీదు. అయినా ఒక్క పేజీ కూడా వదలకుండా తీశారు. ఆ వేలు చూసి నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. దేవుడి గదిలో కూడా నాకు అంత తేలిగ్గా రావు.

ప్రింటు తీసిచ్చాను. రెండే పేజీలు. ఆమె కూర్చుని మెల్లగా చదివింది. రెండో పేజీ సగంలో ఆగి, వెనక్కి వెళ్లి, అదే పేరా మళ్లీ చదివింది. తర్వాత కాగితం నా వైపు తిప్పింది.

ఆ వ్యాసం రాసినవాళ్లు ఏ ఊళ్లు తిరిగారో నిజాయితీగా రాశారు. వానల్లో గెడ్డ, అంటే కొండవాగు, పొంగి బండి ఆగిపోయిందనీ, అక్కడ్నుంచి వెనక్కి తిరిగామనీ, పైనున్న ఊళ్లు చూడలేదనీ రాశారు. చూసిన ఊళ్లలో ఈ సామ కనపడలేదన్నారు. అంతే వాళ్లన్నది. పై కొండల్లో లేదని వాళ్లు ఎక్కడా అనలేదు. ఆ మాట తర్వాతవాళ్లది, చదవకుండా రాసినవాళ్లది.

"మా ఊరికి రానేదు సార్ ఆలు," అంది. "గెడ్డకాడ నుంచి ఎల్లిపోనారు. అది రాసుకున్నారు కూడాను. ఆల తప్పు నేదు."

తర్వాత ఆమె నా వైపు చూసి, కోపం లేకుండానే అంది. "మీరూ అలాగే కద సార్ టిక్కులెట్టినారు. సేరనేకపోతే నేదని రాసీసినారు."

ఆ మాట నన్ను తగలాల్సినచోటే తగిలింది.

ఆ నెల జాబితా వచ్చినప్పుడు, రెండు గళ్ల పక్కన స్కేలు పెట్టి మూడో గడి గీశాను. దాని పైన 'నేను చేరలేకపోయాను' అని రాశాను. నా టిక్కులు దాదాపు అన్నీ అందులోనే పడ్డాయి. మరుసటి నెల అన్ని కేంద్రాలకీ వెళ్లిన కాగితంలో మూడు గళ్లున్నాయి.

ఆమె నాలుగో అధ్యాయం గడువుకి ఒకరోజు ముందు పూర్తి చేసింది. గైడుగారు ఆ రెండు పేజీల ప్రింటు తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి చదివి, తను గీసిన అడ్డగీతని రబ్బరుతో చెరిపేశాడట. పద్ధతి ప్రకారం మాట్లాడే మనిషి అని ముందే చెప్పాను కదా, పద్ధతి ప్రకారమే ఒప్పుకున్నాడు.

కొన్ని నెలలకి కింద ఊళ్లో ఆమె వైవా జరిగింది. సెలవు పెట్టి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు తలపండిన పెద్దాయన. చిరుధాన్యాల మీద ఆయన రాసిన పుస్తకం మా బీరువాలోనే ఉంది, నేను ఆ రోజు తీసిన మూడింటిలో ఒకటి. మొదటి మూడు అధ్యాయాల మీదా అడగాల్సినవి అడిగాడు. నాలుగోది తెరిచి చాలాసేపు పేజీలు తిప్పాడు.

"ఈ రకం పై కొండల్లో లేదని అందరం రాశామమ్మా," అన్నాడు. "నేనూ రాశాను."

"అవునండి," అంది ఆమె.

"నువ్వు ఉందంటున్నావు."

"మా అమ్మ ఈ ఏడు కూడా ఏసిందండి."

గైడుగారు నేల చూస్తున్నాడు. పెద్దాయన థీసిస్ మూసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి ఉంచాడు.

"మరి మీ ఊరికి ఎలా వెళ్లాలమ్మా?" అని అడిగాడు.

ఆమె ఇంకో ప్రశ్న అనుకుని నిటారుగా నిలబడి జవాబు చెప్పింది. "పెదబయలు దాకా బస్సుందండి. అక్కడ్నుంచి జీపు దొరికితే గెడ్డ దాకా ఎల్లొచ్చు. గెడ్డ దాటాక బండి రాదు, నడవాల. వానలైతే గెడ్డ తగ్గీదాకా ఇవతలే ఆగాలండి." ఒక్క క్షణం ఆగి మళ్లీ అంది. "ఎనక్కి మాత్రం ఎల్లిపోకూడదండి."

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, థీసిస్ అట్ట తెరిచి, లోపలివైపు ఆ దారి రాసుకోవడం మొదలుపెట్టాడు. "గెడ్డ దాటాక ఎటు తిరగాలమ్మా?" అని అడిగాడు.